డైరెక్ట్ ఇచ్చిన వైరు

"దీనికి డైరెక్ట్ ఇచ్చిందెవరు?"

సౌదీల ఒక రోడ్డు పని కాడ, రాత్రి పదిన్నరకు, లైటు టవరు ముంగట మిర్యాలగూడ అన్న అడిగిన మాట ఇది. ఆయన మా సేఫ్టీ సూపర్‌వైజర్. అక్కడ తెలుగోళ్లం నలుగురం ఉన్నం. ఇద్దరు నిజామాబాద్ పిలగాండ్లు, జగిత్యాల డ్రైవరు ఒకాయన, నేను. ఎవ్వరం నోరు మెదపలేదు. ఆయన చేతిల ఉన్నది జానెడు ఎర్ర వైరు. రెండు కొసలు పంటితో చెక్కి మెలిపెట్టింది నేనే. స్విచ్చిని తప్పించి వైరుతో కరెంటును నేరుగ కలుపుడే డైరెక్ట్ ఇచ్చుడు.

"నేనే అన్నా."

"తొమ్మిదేండ్ల నుంచి చేస్తున్నవు గదా ఈ పని. స్విచ్చి నోరు మూస్తే రోగం పోతదా?"

ఆ మాట పడి ఆరు నెలలైంది. ఇప్పుడు సెలవు మీద వచ్చి, కల్వకుర్తి దగ్గర మా ఊరి బాయికాడ కూసోని ఇది రాస్తున్న. ఆ మాట ఇంకా చెవుల్లనే ఉంది.

లైటు టవరంటే చిన్న ట్రాలీ మీద డీజిల్ ఇంజను, జనరేటరు, ఒకదాంట్ల ఒకటి దూరి ఉండే ఇనుప గొట్టాల స్తంభం. ఆ స్తంభాన్ని మాస్ట్ అంటం. నాలుగు జాకీ కాళ్లు దించి బటన్ ఒత్తితే వించ్ రోప్‌ను చుట్టుకుంటది, మాస్ట్ ఎనిమిది తొమ్మిది మీటర్లు లేస్తది, కొసకు నాలుగు లైట్లు. సౌదీల జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండల పని బంద్, సర్కారు రూలు. ఆ ఎండకు మనిషే కాదు కాంక్రీటు కూడ ఓర్వదు. కాబట్టి పోసుడంతా రాత్రికే. లైటు లేకుంటే అందరం చేతులు ముడుచుకొని కూసోవాల్సిందే.

ఆ రాత్రి మూడో టవరు లేస్తలేదు. ఇంజను నడుస్తున్నది, కాళ్లు నాలుగూ నేలకు ఆనినయి, బటన్ ఒత్తితే మాత్రం వించ్ ఉలకది పలకది. మాస్ట్ పూర్తిగ లేసినంక వించ్‌ను ఆపేటందుకు కింది గొట్టం కాడ ఒక లిమిట్ స్విచ్చి ఉంటది. దానికి వేలెడంత చెయ్యి, చెయ్యి కొసకు చిన్న రోలర్. ఆ రోలర్ నెట్టుడు పడితే లోపల కరెంటు తెగి వించ్ ఆగుతది. నా అనుమానం దాని మీదికే పోయింది. అనుమానం తప్పు కాదు. కానీ నేను దాన్ని విప్పి చూడలేదు. అవతల మిక్సర్ లారీలు మూడు నిలబడ్డయి. కలిపిన కాంక్రీటు గంటన్నరల దిగకపోతే పారబోసుడే. ఇంజనీరు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నడు. స్విచ్చికి పోయే రెండు వైర్లను ఒక ముక్కతో కలిపేసిన.

మాస్ట్ లేసింది. ఆపరేటర్ పిలగాడు ఎప్పటిలెక్కనే బటన్ మీద వేలు పెట్టి నిలబడ్డడు, దానంతట అదే ఆగుతదని. అది ఆగలేదు. గొట్టాలు కొసకు చేరినంక కూడ వించ్ గుంజుతనే ఉన్నది, రోప్ బిగిసి కిర్రుమన్నది. అన్న ఎక్కడి నుంచి ఉరికొచ్చిండో, ఎర్ర బటన్ మీద చెయ్యేసి కొట్టిండు. రోప్ తెగుంటే పై గొట్టాలన్నీ ఒక్కపారి కిందికి దూకుతుండె. పిలగాడు దాని పక్కనే ఉన్నడు, ఇరవై రెండేండ్లు వానికి.

తప్పు నాదే, అక్కడనే ఒప్పుకున్న. అయినా నాకు కష్టమైంది. ఎందుకంటే డైరెక్ట్ ఇచ్చుడే నాకు అన్నం పెట్టిన విద్య. పదో తరగతి తప్పినంక కల్వకుర్తిల మోటరు వైండింగ్ షాపుల చేరిన. బోరు స్టార్టర్ డబ్బాల ప్రివెంటర్ ఉంటది. మూడు ఫేజుల్ల ఒకటి పోతే మోటరు కాలకముందే బంద్ చేసేది. అప్పుడు కరెంటు అంటే తుకడాలు తుకడాలు, అదీ అర్ధరాత్రి. ఫేజు ఊగినప్పుడల్లా ప్రివెంటర్ కొట్టేస్తే మడి తడిసేదెప్పుడు? రైతే వచ్చి "దాన్ని తీసి డైరెక్ట్ ఇయ్యి తమ్మీ" అనేటోడు. ఇచ్చేటోళ్లం. కాయిల్ పట్టకపోతే స్టార్టర్ల పుల్ల దూర్చేటోళ్లు కొందరు. కరెంటు రాంగనే మోటరు దానంతట అదే ఎత్తుకునేటట్టు ఆటోస్టార్టర్లు పెట్టుకున్నది కూడ సోకుకు కాదు. చీకట్ల బోరు కాడికి పోయి పాము కరిచి, షాకు కొట్టి పోయినోళ్లను మోసుకొచ్చిన ఊర్లు మావి. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చినంక ఆటోస్టార్టర్లు తీసేయమని సర్కారోళ్లు ఊరూరు తిరిగి చెప్పిన్రు. అన్నేండ్ల అలవాటు చెప్పంగనే పోతదా?

అన్నకు ఆ రాత్రే చెప్పిన, రోషంతోనే. "మీకేందన్నా, సాగర్ ఎడమ కాలువ కింద పుట్టినోళ్లు. మా తాత సాగర్ కట్టకు రాయి మోసిండు. 1967ల నీళ్లు వదిలితే మీ మడులకు పోయినయి, మాకు బోర్లే మిగిలినయి. మోటరు ఆగితే ఏమైతదో మీకెరుక లేదు."

ఆయన కోపం చేయలేదు. "మాది కాలువ చివరి ఊరు తమ్మీ, మా దాక నీళ్లు వచ్చిన ఏండ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు" అన్నడు. "మీటరు తే."

వించ్ మోటరు వైరు విప్పి పక్కకు పెట్టినం, అనుకోకుండ తిరగొద్దని. స్విచ్చి మీద మీటరు పెడితే టీక్ అని మోగింది, బాగనే ఉన్నట్టు. నేనైతే అక్కడనే ఆగి, వించ్‌కు కరెంటు వదిలే రిలేను తిట్టేటోన్ని. "మోగుడు కాదు, పని మీద ఉన్నప్పుడు ఓల్టు చూడు" అన్నడు అన్న. బటన్ ఒత్తి చూస్తే స్విచ్చికి వచ్చే దిక్కు 12 ఓల్టులకు పైనే ఉంది, పోయే దిక్కు నాలుగు కూడ లేదు. స్విచ్చి కాడ కేబుల్‌ను వేళ్లతో అటిటు వంచితే ఒకపారి 12, ఒకపారి సున్నా. పైన రబ్బరుకు గీత కూడ లేదు. బ్లేడుతో చీరితే లోపల రాగి పోగులన్నీ తెగి, కొసలు ఒకదానికొకటి ఊరికెనే తాకుతున్నయి. మీటరుకు ఆ తాకుడు చాలు, రిలేకు చాలదు.

ఆ స్విచ్చి చెడిపోనే లేదు. అది మామూలుగ కలిసి ఉండే స్విచ్చి, వైరు తెగినా కొసకు చేరినట్టే లెక్క చేసి ఆపుతది. మిషన్‌ను కట్టినోడే అట్ల కట్టిండు. మాస్ట్ లేవకపోవుడే దాని పని.

కేబుల్ జర లూజుగ ఉండేటట్టు కొత్తది వేసిన. రోలర్ ఇసుకను బ్రష్‌తో దులిపిన. నూనె పెట్టలేదు, పెడితే ఇసుక ఇంకా పడుతది. మాస్ట్ అడుగు మందం లేపి, చెక్క పుల్లతో రోలర్‌ను నొక్కితే వించ్ ఆగింది. మూడుసార్లు చూసినంకనే పైకి లేపనిచ్చిండు. అంతసేపు టార్చి పట్టుకున్నది ఆయనే. నా మీద కాగితం రాయలేదు.

నా మనసుల తిరుగుతున్నది మాత్రం ఇంకొకటి. అందరం టవరు చుట్టూ ఉన్నప్పుడు అన్న ఇంజనీరుకు ఫోన్ చేసి, "ఇంకో గంట లైటు రాదు, ఆపింది నేను" అన్నడు. ఒక లారీ కాంక్రీటు పోయింది. ఆ లెక్క నా జీతంల పడలేదు, పిలగాని మీద పడలేదు. ఎక్కడనో ఒక రిజిస్టర్ల పడింది. మా ఊర్ల మోటరు ఆగితే ఆ లెక్క ఎవని మీద పడుతది? "ఆపింది నేను" అని ఏ లైన్‌మన్ చెప్పిండు, ఏ ఏఈ చెప్పిండు? ఎండినదేమో నాయిన చేను. మావోళ్లకు భద్రత తెలవదని అక్కడ ఎవరన్నా అంటే ఇప్పటికీ నాకు మండుతది. తెలవక కాదు. ఆగుడుకు పైసలు కట్టేటోడు లేక.

మొన్న వచ్చిన తెల్లారే స్టార్టర్ డబ్బా తెరిచిన. ప్రివెంటర్ జాగల ఒక ఎర్ర వైరు ముక్క ఉంది. మెలిపెట్టిన తీరు చూస్తనే గుర్తుపట్టిన. సౌదీ పోయే ముందట నేను ఇచ్చిన డైరెక్టే.

"గెలుకకురా దాన్ని. పల్లి బుడ్డలు ఊడలు దిగి కాయ ఊరుతున్నది, ఇంక ఇరవై రోజులే" అన్నడు నాయిన. నేను వినలేదు. కల్వకుర్తి పోయి కొత్త ప్రివెంటర్ తెచ్చి బిగించిన.

రాత్రి ఇద్దరం కొట్టంల పండుకున్నం. ఒంటిగంటకు స్ప్రింక్లర్ల టకటక ఆగింది. ఫేజు పోయినట్టుంది. కరెంటు సరిగ వచ్చేదాక చూసి, పోయి మోటరు వేసొచ్చిన. రెండున్నరకు మళ్ల ఆగింది, మళ్ల పోయిన. నాయిన మెలకువతోనే ఉన్నడు, ఏమనలేదు. నాలుగింటికి మూడోసారి చప్పుడు ఆగంగనే నేను లేవబోయిన.

"పండుకో, ఈసారి నేను పోత" అని టార్చి తీసుకున్నడు.