పాత బ్యాక్‌హోకి ప్రాణం పోయడం: ముందు పిన్నులు, చివర్లో పెయింటు

పాత బ్యాక్‌హో (ముందు లోడర్ బకెట్, వెనక తవ్వే చెయ్యి ఉన్న బండి) ఇంటికి రాగానే చాలామంది ముందు ఇంజన్ మీద పడతారు. స్టార్టయి పొగ తగ్గితే సగం పని అయిపోయిందనుకుంటారు. అరిగిపోయిన బండిలో టైమూ డబ్బూ మింగేది ఎక్కువగా ఇంజన్ కాదు. కీళ్లను కలిపే పిన్నులు, వాటి చుట్టూ ఉండే బుష్షులు (గొట్టాల్లాంటి తొడుగులు), ఆయిల్ ప్రెషర్‌తో చేతుల్ని కదిపే హైడ్రాలిక్ సిలిండర్లు. అందుకే ఒక్క బోల్టు విప్పకముందే లూజు ఎక్కడుందో, ఏ సిలిండరు దిగిపోతోందో చూసి రాసిపెట్టుకోండి. విప్పేశాక ఈ పరీక్షలు చేయడం కుదరదు.

ముందు మట్టి, గ్రీజు గడ్డలు కడిగేయండి. బకెట్లు నేలకు ఆనించి, ఇంజన్ ఆపి, లివర్లన్నీ అటూ ఇటూ తిప్పితే లైన్లలో మిగిలిన ప్రెషర్ చాలావరకు పోతుంది. లోడర్ చేతుల కింద పని ఉంటే సేఫ్టీ స్ట్రట్ (చేతులు కిందికి పడకుండా ఆపే ఇనుప ఊత) పెట్టాల్సిందే, హైడ్రాలిక్స్‌ను నమ్మి కిందికి దూరకండి. లీకును చేత్తో తడమకండి, అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. 200 బార్‌కు పైగా ప్రెషర్‌తో సన్నగా చిమ్మే ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది. పైకి చిన్న చుక్కలాగే కనిపిస్తుంది కానీ వెంటనే ఆపరేషన్ చేయకపోతే వేలు, చెయ్యి పోయే ప్రమాదం.

లూజు చూడాలంటే ఒకరు సీట్లో కూర్చుని బూమ్ (వెనక తవ్వే చేతిలో పెద్ద భాగం), బకెట్ లివర్లను కాస్త కాస్త ఆడించాలి, ఇంకొకరు దూరంగా నిలబడి ఒక్కో కీలును గమనించాలి. అన్నిటికంటే ముఖ్యం కింగ్ పోస్టు, అంటే తవ్వే చెయ్యి మొత్తం పక్కలకు తిరిగే నిలువు కీలు. దాని పై పిన్నుకీ కింది పిన్నుకీ మధ్య అరమీటరు ఉందనుకోండి. అక్కడ 1 మి.మీ. లూజుంటే 5 మీటర్లు చాచిన బకెట్ దగ్గర అది 10 మి.మీ. ఊగుతుంది. బకెట్ పిన్నులు కొత్తవి వేసి కింగ్ పోస్టును వదిలేస్తే ఊపు తగ్గేది నామమాత్రమే.

పిన్ను రావాలంటే దాని మీద బరువు ఉండకూడదు. బూమ్‌ను జాకీలతో, దుంగలతో సరిగ్గా మోయిస్తే తుప్పు పట్టిన పిన్ను కూడా కదులుతుంది. కదలకపోతే పిన్నును కాకుండా చుట్టూ ఉన్న బాస్‌ను (పిన్ను దూరే మందపాటి ఇనుప గూడును) వేడి చేయండి. లోపల సీలున్న చోట గ్యాస్ మంట పెట్టొద్దు. పాత బుష్షు తీశాక రంధ్రాన్ని రెండు మూడు దిక్కుల్లో కొలవండి. బుష్షు ఉన్నచోటే గిరగిరా తిరిగి ఉంటే ఆ రంధ్రం కోడిగుడ్డులా సాగి ఉంటుంది. కొత్త బుష్షు అందులో నిలవదు. వెల్డింగ్‌తో నింపి లైన్ బోరింగ్ (రంధ్రాన్ని మెషీన్‌తో మళ్లీ తిన్నగా, గుండ్రంగా కోయడం) చేయించాలి, ఇది ఇంట్లో అయ్యే పని కాదు. రంధ్రం బాగుంటే బుష్షును రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున ప్రెస్‌తో గానీ, పొడవాటి బోల్టు, మందపాటి వాషర్లతో గానీ లోపలికి లాగండి. సుత్తితో కొడితే అంచు నలిగి పిన్ను పట్టేస్తుంది. బుష్షులోని గ్రీజు రంధ్రం నిప్పల్‌కు (గ్రీజు ఎక్కించే మూతికి) ఎదురుగా వచ్చిందో లేదో లాగకముందే చూసుకోండి. పక్కలకు మిగిలిన లూజు షిమ్ములతో (పలుచని రేకు వాషర్లతో) తీసేయాలి.

ఇక సిలిండర్లు. బూమ్ తనంతట తాను దిగుతుంటే అందరూ సీల్ కిట్ కొనేస్తారు. ముందు బరువు సిలిండరు రాడ్డును ఎటు తోస్తోందో చూడండి. బరువు రాడ్డును లోపలికి నొక్కుతుంటే, పిస్టన్ సీలు (సిలిండరు లోపల రాడ్డు చివరనున్న పిస్టన్ చుట్టూ ఉండేది) పూర్తిగా పోయినా, ఆయిల్ బయటికి పోయే దారి లేకుండా రాడ్డు దిగలేదు. లోపలికి వచ్చే రాడ్డుకు చోటు కావాలి కదా! అక్కడ అనుమానం వాల్వు స్పూలు (లివర్‌తో కదిలి ఆయిల్ దారి మార్చే కడ్డీ) మీద, రిలీఫ్ వాల్వు (ప్రెషర్ మితిమీరితే ఆయిల్‌ను వదిలేసేది) మీద. బరువు రాడ్డును బయటికి లాగుతుంటే మాత్రం పిస్టన్ సీలు ఒక్కటే పోయినా చాలు, జారుతుంది.

తేల్చుకోవాలంటే సిలిండరును పూర్తిగా చాచి, అటాచ్‌మెంటును నేలకు ఆనించి, ఇంజన్ ఆపి ప్రెషర్ తీసేయండి. రాడ్డు వైపు హోస్ విప్పి ఆ హోస్‌కు మరలు (థ్రెడ్లు) ఉన్న స్టీలు ప్లగ్గు బిగించండి. సిలిండరు మీద తెరిచిన పోర్టు (హోస్ విప్పిన రంధ్రం) కింద డబ్బా పెట్టి, ఇంజన్ ఐడిల్‌లో చాచే వైపే లివర్ లాగండి. కాసిని చుక్కలు కారి ఆగిపోతే సీలు మంచిదే. ధార ఆగకపోతే సీలు పోయినట్టే.

సిలిండరు విప్పాక రాడ్డు మీద గోరు పెట్టి నెమ్మదిగా లాగండి. గోరు తట్టుకునేంత గుంట ఉంటే కొత్త సీలు కొద్ది రోజులే ఉంటుంది. రాడ్డును మళ్లీ క్రోమ్ చేయించండి, లేదా మార్చండి. పాత సీలును వంచి చూడండి. ప్రాణమున్నది తిరిగి లేస్తుంది, చచ్చింది ఎండు పెచ్చులా విరుగుతుంది. కొత్త సీలును వేడినీళ్లలో ఉంచితే సులువుగా ఎక్కుతుంది. సీలు పెదవి (సాగే పలుచని అంచు) ఎప్పుడూ ప్రెషర్ వైపే ఉండాలి. తిరగేసి వేస్తే మొదటి రోజే కారుతుంది. పిస్టన్ నట్టుకు మాన్యువల్‌లోని టార్క్ (బిగించాల్సిన బలం) తప్పనిసరి. అది ఊడితే సిలిండరే పోతుంది.

బూమ్, లోడర్ చేతులు, ఛాసిస్ వెల్డింగుల పక్కన సన్నని తుప్పు గీత కనిపిస్తే అది పగులే అనుకోండి. కొసల్లో 6 మి.మీ. రంధ్రం వేసి, గాడి తీసి, ఆరబెట్టిన 7018 రకం వెల్డింగ్ రాడ్డుతో వెల్డింగ్ చేయాలి. ఎర్త్ క్లాంపు పగులు పక్కనే ఉండాలి. దూరంగా పెడితే కరెంటు పిన్నులు, బేరింగులు, సిలిండరు రాడ్డుల గుండా పోయి వాటిని కాలుస్తుంది. బ్యాటరీ, ఆల్టర్నేటర్ ముందే విడదీయండి.

ఇంజన్ మామూలు పనే: ట్యాంకు అడుగు బురద తీయడం, ఫిల్టర్లు మార్చడం, డీజిల్ లైన్లో గాలి తీయడం. ఏళ్ల తరబడి ఆగిన ఇంజన్‌ను ముందు చేత్తో తిప్పి చూడండి. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు, అదుపు తప్పి ఆగకపోతే గాలి దారిని మూసేయడానికి ఒక పలక దగ్గరుంచండి. బ్రేకు ఆయిల్ దగ్గర మాత్రం జాగ్రత్త. కొన్ని బండ్లకు మినరల్ ఆయిల్ వాడతారు. అందులో కారు బ్రేకు ఫ్లూయిడ్ పోస్తే సీళ్లన్నీ ఉబ్బి పాడవుతాయి.

హైడ్రాలిక్ ఆయిల్ పాలలా ఉంటే నీళ్లు కలిసినట్టు. అలాంటప్పుడు ట్యాంకుతో పాటు సిలిండర్లు కూడా ఖాళీ చేయాలి. కొత్త హోస్ బిగించేటప్పుడు దాని మీది గీత మెలి పడకుండా తిన్నగా ఉండాలి. మెలిపడిన హోస్ ప్రెషర్ వచ్చినప్పుడల్లా తిన్నగా సాగాలని చూస్తూ ఫిట్టింగును వదులు చేస్తుంది.

సిలిండరు రాడ్డులు, నిప్పళ్లు, సీరియల్ ప్లేటు టేపుతో కప్పాకే పెయింటు. మొదటి 10 గంటల పని తర్వాత రిటర్న్ ఫిల్టరు (హైడ్రాలిక్ ఆయిల్ ట్యాంకుకు తిరిగొచ్చే దారిలోది) కోసి లోపల లోహపు పొడి ఉందేమో చూడండి, పిన్ను లాక్ బోల్టులు మళ్లీ బిగించండి.