బీసీజీ మచ్చ, టీబీ టెస్ట్: ఫ్లెబాటమీ కోర్సులో నా అనుభవం

నిన్న ఆసుపత్రిలో నా చివరి షిఫ్ట్ అయిపోయింది. టెక్సాస్‌లో మా ఇంటికి దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో ఫ్లెబాటమీ, అంటే పరీక్షలకి రక్తం తీసే పని నేర్చుకున్నాను. తెనాలిలో బీఎస్సీ చదివి, పెళ్లయ్యాక 12 ఏళ్లు ఇంట్లోనే ఉన్నాను. హెచ్4 ఈఏడీ, అంటే హెచ్1బీ వీసా వాళ్ల భార్యాభర్తలకిచ్చే వర్క్ పర్మిట్, చేతికొచ్చాక ఇక ఆగదలచుకోలేదు.

ఇలాంటి కోర్సుల్లో పాఠం కాలేజీ చెబుతుంది, పని చుట్టుపక్కల ఆసుపత్రులు, ల్యాబులు నేర్పిస్తాయి. మాకు ఏం నేర్పాలో చెప్పే కమిటీలో ఆ ఆసుపత్రుల వాళ్లు కూడా ఉన్నారు. కాబట్టి లోపలికి అడుగు పెట్టాలంటే వాళ్లు అడిగిన కాగితాలన్నీ ఉండాలి.

అప్లికేషన్, ఫీజు ఒక్క పూటలో అయిపోయాయి. బ్యాక్‌గ్రౌండ్ చెక్, డ్రగ్ టెస్ట్‌కి వారం పట్టింది. నన్ను ఏడిపించింది టీబీ టెస్ట్.

దగ్గర్లో ఉందని ఒక క్లినిక్‌కి వెళ్లాను. ముంజేతి మీద చర్మంలోకి చిన్న సూది వేసి, 48 నుంచి 72 గంటల లోపు వచ్చి చూపించమన్నారు. రెండో రోజుకే అక్కడ గట్టిగా వాచింది. నర్సు స్కేలు పెట్టి కొలిచి, "15 మిల్లీమీటర్లు, పాజిటివ్" అని హాలంతా వినబడేలా చెప్పింది. నా చేతికి మాస్క్ ఇచ్చి, మూలనున్న కుర్చీలో కూర్చోమంది. నా పక్కన ఉన్న తల్లి పిల్లాడిని ఒళ్లోకి లాక్కుంది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

నాకు దగ్గు లేదు, జ్వరం లేదు. చొక్కా చెయ్యి పైకి లాగి, ఎడమ భుజం మీదున్న బీసీజీ మచ్చ చూపించాను. టీబీ రాకుండా చిన్నప్పుడు మనందరికీ వేసే టీకానే కదా. ఆ నర్సుకి అదేంటో తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. కాలేజీ నుంచి మెయిల్ వచ్చింది, క్లియరెన్స్ రాకపోతే ఆసుపత్రికి పంపరట. ఇంకా 9 రోజులే ఉంది. ఆ రాత్రి నా గ్లాసు, కంచం వేరే పెట్టుకున్నాను. పాప "అమ్మా, ఎందుకు నా పక్కన పడుకోవు?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

గుడిలో పరిచయమైన ఫార్మసిస్ట్ అమ్మాయికి ఫోన్ చేశాను. "అయ్యో అక్కా, మనం బ్లడ్ టెస్టే అడగాలి" అంది. బీసీజీ వేయించుకున్నవాళ్లకి స్కిన్ టెస్ట్ ఉత్తినే పాజిటివ్ చూపించొచ్చు. రక్తంతో చేసే ఐజీఆర్ఏ టెస్ట్‌కి బీసీజీతో సంబంధం లేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా బీసీజీ వేసుకున్నవాళ్లకి ఈ రక్తపరీక్షే మేలంటుంది. వేరే డాక్టర్ దగ్గర క్వాంటిఫెరాన్ అనే ఐజీఆర్ఏ టెస్ట్ చేయించాను, నెగటివ్. ఎక్స్‌రే కూడా శుభ్రంగా ఉంది. రిపోర్ట్ చూసి కార్లోనే కూర్చుని ఏడ్చేశాను.

"మీరు ఎక్కడ పుట్టారు, బీసీజీ వేశారా" అన్న ఒక్క మాట అడిగి ఉంటే నాకు ఆ వారం నరకం తప్పేది. ఆ క్లినిక్ గడప మళ్లీ తొక్కను. మీరు మాత్రం అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఐజీఆర్ఏ అని పేరు పెట్టి అడగండి. అందులోనూ పాజిటివ్ వస్తే తేలిగ్గా తీసుకోకండి. క్రిమి ఒంట్లో నిద్రపోతూ ఉండొచ్చు, దానికి మందులున్నాయి, వాడాలి.

ఆ తర్వాత చదువు హాయిగా సాగింది. రక్తం నింపే ట్యూబుల వరస మాత్రం మూత రంగుల్ని బట్టి బట్టీ పట్టాల్సిందే: లేత నీలం, ఎరుపు, ఆకుపచ్చ, లావెండర్, బూడిదరంగు. నేను రాయబోయే నేషనల్ సర్టిఫికేషన్‌కి నరం నుంచి 30 సార్లు, వేలి నుంచి 10 సార్లు రక్తం తీసి చూపించాలి. మూడో వారానికల్లా నరం దొరకని పెద్దవాళ్ల దగ్గరికి నన్నే పిలిచేవారు. నరాన్ని కంటితో వెతక్కూడదు, వేలితో నొక్కి చూడాలి, స్పాంజిలా పైకి లేస్తుంది.

"మాస్టర్స్ చేయక ఈ రక్తం తీసే పనేంటి" అన్నవాళ్లు మా కమ్యూనిటీలోనే ఉన్నారు. వాళ్ల అమ్మగారు ఆసుపత్రిలో పడుకున్నప్పుడు ఒక్క గుచ్చుతో రక్తం తీసే మనిషి విలువేంటో వాళ్లకి తెలియదా?

వచ్చే శనివారం పరీక్ష. పాసైతే వెంటనే అప్లై చేయమని ఆసుపత్రి సూపర్‌వైజర్ స్వయంగా చెప్పింది. ఫైలు సర్దుకున్నాను, అన్నిటికంటే పైన క్వాంటిఫెరాన్ రిపోర్టే పెట్టాను.