స్టెరాయిడ్ హార్మోన్ల తయారీలో అనులేఖన నియంత్రణ: నెట్ లైఫ్ సైన్సెస్‌కు నేను చదివిన తీరు

సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ లైఫ్ సైన్సెస్ అర్హత పరీక్షకు సిద్ధమవుతున్న మిత్రుల కోసం, ముఖ్యంగా డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలో చదివినవారి కోసం, నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టిన ఒక అంశం గురించి రాస్తున్నాను. సిలబస్‌లో అనులేఖనం (డీఎన్ఏ సమాచారాన్ని ఆర్ఎన్ఏగా రాసే ట్రాన్స్‌క్రిప్షన్) మూడో యూనిట్‌లో, కణ సంకేతాలు నాలుగో యూనిట్‌లో, అంతఃస్రావక వ్యవస్థ ఏడో యూనిట్‌లో ఉంటాయి. నేను వాటిని మూడు వేర్వేరు నోటు పుస్తకాలలో రాసుకున్నాను. పరీక్షలోని పార్ట్-సి ప్రశ్న మాత్రం మూడింటినీ ఒకేచోట కలిపి అడుగుతుంది. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత.

స్టెరాయిడ్ అనగానే నాకు కణం లోపలి గ్రాహకంతో కలిసి డీఎన్ఏ మీద పనిచేసే పాఠమే గుర్తుకు వచ్చేది. అది హార్మోన్ తయారై రక్తంలో చేరాక లక్ష్య కణంలో జరిగే పని. తయారీని ఆదేశించేది వేరొక హార్మోన్, అది కణంలోకి అడుగు పెట్టదు. ఈ రెండింటినీ విడదీసి చూడగలిగిన రోజు నుంచే అంశం నాకు అర్థం కావడం మొదలైంది.

అధివృక్క గ్రంథి తయారుచేసే కార్టిసాల్ అనే స్టెరాయిడ్‌నే తీసుకోండి. పీయూష గ్రంథి నుంచి వచ్చిన ఏసీటీహెచ్ అనే హార్మోన్, అధివృక్క గ్రంథి వెలుపలి పొర అయిన వల్కలంలోని కణత్వచం మీద ఉన్న ఎంసీ2ఆర్ గ్రాహకానికి అతుక్కుంటుంది. జీఎస్ ప్రోటీన్ ద్వారా అడెనిలైల్ సైక్లేజ్ అనే ఎంజైము చైతన్యం పొంది, సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరిగి, ప్రోటీన్ కైనేజ్-ఏ అనే ఎంజైము చైతన్యం పొందుతుంది. దాని ఉత్ప్రేరక ఉపభాగం కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను పనిచేయించే క్రెబ్ ప్రోటీన్‌లో 133వ స్థానంలోని సెరీన్ అనే ఆమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్‌ను చేరుస్తుంది. అప్పుడు సీబీపీ అనే సహాయక ప్రోటీన్ వచ్చి డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్లను ఎసిటైలేట్ చేసి అనులేఖనానికి దారి ఇస్తుంది. అయితే క్రెబ్ దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది కదా, అన్ని కణాలూ కార్టిసాల్‌ను ఎందుకు తయారు చేయవు? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి నేను రెండు రోజులు వెచ్చించాను, అందుకు ఏమాత్రం చింతించడం లేదు. ఎస్ఎఫ్-1 అనే అనులేఖన కారకం అధివృక్క గ్రంథి, బీజగ్రంథులు వంటి కొద్దిచోట్ల మాత్రమే ఉండి, స్టెరాయిడ్ తయారీకి కావలసిన స్టార్, సీవైపీ11ఏ1 వంటి జన్యువుల ప్రమోటర్లకు (నియంత్రణ భాగాలకు) అతుక్కుంటుంది. డాక్స్-1 అనే మరో ప్రోటీన్ ఎస్ఎఫ్-1ను అణచిపెడుతుంది. సంకేతం అన్నిచోట్లా ఒకటే అయినా, దాన్ని అందుకునే కారకాలను బట్టి కణం ఏం తయారు చేయాలో తేలుతుంది.

ఇక కాలం సంగతి. స్టెరాయిడ్‌ను తయారుచేసే కణం దానిని నిల్వ చేసుకోదు కాబట్టి, స్రావం పెరగడమంటే తయారీ పెరగడమే. ఏసీటీహెచ్ తగిలిన నిమిషాల్లోనే కార్టిసాల్ పెరుగుతుంది. ఆ వేగానికి కారణం, స్టెరాయిడ్‌కు ముడిసరుకైన కొలెస్టరాల్‌ను మైటోకాండ్రియా బయటి పొర నుంచి లోపలి పొరకు చేర్చే స్టార్ ప్రోటీన్ కొత్తగా తయారవడమూ, ఫాస్ఫారిలేషన్ వల్ల దాని సామర్థ్యం పెరగడమూ. ఎంజైముల జన్యువుల అనులేఖనం పెరిగి, ఆ ఫలితం కనిపించడానికి గంటలు పడుతుంది. నా చార్టులో బాణాల పక్కనే 'నిమిషాలు', 'గంటలు' అని రాసుకున్నాను.

ఒక నమూనా పరీక్షలో నేను తప్పు చేసిన ప్రశ్న చెబుతాను. కణాలకు అడెనిలైల్ సైక్లేజ్‌ను చైతన్యపరిచే ఫోర్స్కోలిన్‌తో పాటు సైక్లోహెక్సిమైడ్ ఇస్తే స్టెరాయిడ్ పెరగలేదు. తర్వాత 22ఆర్-హైడ్రాక్సీకొలెస్టరాల్ ఇస్తే పెరిగింది. ఎంజైమే లేదనే జవాబును నేను ఎంచుకున్నాను. నిజానికి ఎంజైము ముందే ఉంది. సైక్లోహెక్సిమైడ్ అనువాదాన్ని, అంటే ప్రోటీన్ తయారీని, ఆపినందున లేకపోయినది స్టార్. 22ఆర్-హైడ్రాక్సీకొలెస్టరాల్‌కు పొరలు దాటడానికి స్టార్ అవసరం లేదు. ఇదే ప్రశ్నలో ప్రోటీన్ కైనేజ్-ఏను ఆపే హెచ్-89 ఇచ్చి ఉంటే, అనులేఖనాన్ని ఆపే ఆక్టినోమైసిన్-డి ఇచ్చి ఉంటే ఏమయ్యేదో మీరే రాసి చూడండి. నాకు ఎక్కువ మేలు చేసినది ఆ సాధనే.

అధివృక్క వల్కలమే తయారుచేసే మరో స్టెరాయిడ్ ఆల్డోస్టిరోన్ దారిని విడిగా ఒక పేజీలో చదివితే చాలు: ఆదేశించే హార్మోన్ యాంజియోటెన్సిన్-2, తర్వాత జీక్యూ ప్రోటీన్, కాల్షియం, చివరికి సీవైపీ11బీ2 జన్యువు.

స్టార్ జన్యువులో లోపం వల్ల వచ్చే లైపాయిడ్ కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా అనే పుట్టుకతో వచ్చే వ్యాధిని మాత్రం వదలకండి. అధివృక్క కణాలు కొలెస్టరాల్‌తో నిండిపోయి, స్టెరాయిడ్లు దాదాపు తయారు కాకపోయినా అలాంటి శిశువు ఉన్న గర్భం నిలుస్తుంది, ఎందుకంటే జరాయువు (మాయ) స్టార్ లేకుండానే గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరోన్‌ను తయారు చేసుకోగలదు.