ఏడవని పిల్ల

మా అమ్మాయి పుట్టిన కొత్తలో చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఒకటే మాట: "ఎంత బుద్ధిమంతురాలో, అసలు ఏడవదు!" నాకూ గర్వంగానే ఉండేది. పాలకు కూడా నేనే లేపాలి. అరికాళ్లు గోకి, చెవులు నిమిరి లేపితే నాలుగు గుక్కలు తాగి మళ్లీ నిద్ర. ఎప్పుడైనా ఏడిస్తే గొంతు జలుబు చేసినట్టు బొంగురుగా వచ్చేది. మూడు నాలుగు రోజులకోసారి విరేచనం. బొడ్డు ఉబ్బుగా ఉండేది. పుట్టినప్పటి కామెర్లు మూడు వారాలైనా తగ్గలేదు. ఒక్కోదానికీ ఇంట్లో ఎవరో ఒకరు ఏదో సమాధానం చెప్పేవారు, నేను సరేననుకునేదాన్ని.

24వ రోజున పిల్లల డాక్టరు నాలుక చూశారు, మాడు తడిమారు. "పుట్టాక మడమ గుచ్చి రక్తం తీశారామ్మా?" అనడిగారు. అలాంటి పరీక్ష ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది. పుట్టిన రెండు మూడు రోజులకు చేస్తారట. థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయకపోతే టీఎస్‌హెచ్ అనే హార్మోన్ పెరుగుతుంది, దాన్నే ఇందులో చూస్తారట. మొదటి రోజు ఏ బిడ్డకైనా అది ఎక్కువే ఉంటుంది కాబట్టి కాస్త ఆగుతారు. మా డిశ్చార్జి కాగితాల్లో దాని ఊసే లేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

రిపోర్టులో టీఎస్‌హెచ్ 100 దాటింది, థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ టీ4 బాగా తక్కువ. పుట్టుకతోనే థైరాయిడ్ సరిగా పనిచేయడం లేదన్నారు. రెండు మూడేళ్ల వరకు మెదడు ఎదగడానికి ఈ హార్మోన్ తప్పనిసరి, మందు రెండు వారాల లోపు మొదలైతే మంచిది, ఆలస్యం చేయకుండా ఈ రోజే వేయండి అన్నారు. నా చెవిలో పడింది "రెండు వారాలు" ఒక్కటే. దారంతా వేళ్లమీద లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను, పోయిన పది రోజుల్ని.

25 మైక్రోగ్రాముల మాత్ర, రోజుకు ఒకటిన్నర. రెండు చెంచాల మధ్య నలిపి, కొద్దిగా తల్లిపాలలో కలిపి బుగ్గ పక్కన పోయాలి. సీసా పాలలో కలిపితే, పాలు మిగిల్చిందంటే మందు కూడా మిగిలిపోయినట్టే. మొదటి వారం ఎప్పుడు కక్కుతుందోనని ఒకటే టెన్షన్.

పది పన్నెండు రోజులకనుకుంటా, అర్ధరాత్రి కేకపెట్టి ఏడ్చింది. అమ్మ ఉలిక్కిపడి లేచి "ఏమైందే?" అంది. "ఆకలేసిందమ్మా, తనకే ఆకలేసింది" అని నవ్వుతూ ఏడ్చాను.

తర్వాతంతా రక్తపరీక్షలే. మొదట రెండు వారాలకోసారి, ఆ తర్వాత నెలకో రెండు నెలలకో. బరువు పెరిగేకొద్దీ డోసు మారేది. ఐరన్ చుక్కలు మొదలుపెట్టినప్పుడు మాత్రకీ దానికీ కొన్ని గంటల ఎడం ఉండాలన్నారు. మెడ నిలపడం, బోర్లాపడటం కాస్త ఆలస్యమయ్యాయి కానీ, ఏడాది తిరిగేసరికి అన్నీ అందుకుంది.

స్కానింగులో గ్రంథి ఉండాల్సిన చోటే ఉంది. ఇది తాత్కాలికమైనా కావచ్చు, మూడేళ్లు నిండాక ఒక నెల మందు ఆపి చూద్దామన్నారు. ఆ ఆశతో మూడేళ్లు గడిపాను. ఆపిన నెలలో మాత్రం అది పది నిమిషాలు ఎక్కువ నిద్రపోయినా నుదురు తాకి చూసేదాన్ని. నెలాఖరు రిపోర్టులో టీఎస్‌హెచ్ మళ్లీ పైకెక్కింది. ఆ రోజు నేను అన్నం తినలేదు, అది మాత్రం నా కంచంలోది కూడా తినేసింది.

ఇప్పుడు దానికి ఐదేళ్లు. పొద్దున్నే మాత్ర కరకర నమిలి, మింగేశానని నాలుక బయటపెట్టి చూపిస్తుంది.