కోత పెట్టే చేయి ఎవరిది?

మొదటిసారి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాసినప్పుడు రైటింగ్‌లో నాకు 6 బ్యాండ్, అంటే స్కోరు, వచ్చింది. కావాల్సింది 6.5. ఆ అర బ్యాండ్ కోసం 2024 మార్చిలో బెంగళూరు మారతహళ్లిలో మా పీజీ హాస్టల్ దగ్గరే ఒక కోచింగ్‌లో చేరాను. ఆఫీసు అయ్యాక, రాత్రి ఏడున్నర బ్యాచ్.

మొదటి టాస్క్‌లో చాలాసార్లు గ్రాఫే ఇస్తారు. ఇరవై నిమిషాల్లో కనీసం 150 పదాలు రాయాలి. గ్రాఫ్ అంటే పెరగడం, తగ్గడం, ఇంకేముంది? మాటల వాడకానికి పావు వంతు మార్కులున్నాయని, డిక్రీజ్‌కి బదులు వాడే మాటలన్నీ బట్టీ పట్టాను. అందులో కర్టెయిల్ (curtail) మీద మనసు పడింది. పలికితేనే ఆరున్నర వచ్చేసినట్టుండేది.

ఒక ఊరి జనాభా పడిపోయిన గ్రాఫ్‌కి 'ది పాపులేషన్ కర్టెయిల్డ్' అని రాశాను. సార్‌ది హిందూపురం. పేపర్ చూసి ఎర్ర పెన్ను కింద పెట్టేశారు.

"ఎవరు కర్టెయిల్ చేసినారమ్మా, యముడా?"

క్లాసంతా నవ్వింది. సార్ బోర్డు మీద రెండే మాటలు రాశారు: తగ్గు, తగ్గించు. ఫాల్, డిక్లైన్ తగ్గు వైపు. కర్టెయిల్ తగ్గించు వైపు. రెడ్యూస్ కూడా మామూలుగా అటే. డిక్రీజ్ రెండు వైపులా చెల్లుతుంది. చిన్నప్పటి నుంచీ తప్పు లేకుండా వాడుతున్న తేడాయే, ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఎక్కడికి పోయిందో!

అది ఒంటబట్టింది మాత్రం పీజీలోనే. ఆ నెల బెంగళూరంతా నీళ్ల కటకట. తాగే నీళ్లతో కార్లు కడిగితే ₹5,000 జరిమానా అని జలమండలి ప్రకటించింది. మా బోర్లో నీళ్లు తగ్గాయి, అది డిక్లైన్. దాంతో ఓనర్ ఆంటీ పొద్దున రెండు గంటలే నీళ్లు వదలడం మొదలుపెట్టింది. అదీ కర్టెయిల్! బకెట్ పట్టుకుని లైన్లో నిలబడి నేర్చుకున్న మాట మరి మరిచిపోతానా?

అప్పుడే నాకో గుర్తు దొరికింది. తెలుగులో 'కోత' ఇమిడే చోట కర్టెయిల్ దాదాపు ఇముడుతుంది. ఖర్చుల్లో కోత, సరఫరాలో కోత, హక్కులకు కోత. రూమ్మేట్ నెల్లూరు అక్క "బరువు కర్టెయిల్ చేయాలే" అంటే ఆపాను. బరువులో కోత అంటామా? తిండిలో కోత అంటాం. "అయితే రాత్రి పెరుగన్నం కర్టెయిల్" అంది. అది సరే, ఆమె మానదని ఇద్దరికీ తెలుసు.

ఆ మాట పుట్టుక ఇంకా ముచ్చటైనది. ఒకప్పుడు ఇంగ్లీషులో కర్టల్ అంటే తోక కత్తిరించిన గుర్రం. ఫ్రెంచి మీదుగా వచ్చింది, మూలం లాటిన్ కర్టస్, అంటే కురచ. కర్టస్‌కీ మన కురచకీ చుట్టరికం లేదులెండి. చివర్లో టెయిల్ అన్నది మాత్రం ఆ తోకను తలుచుకుని జనం అతికించుకున్నదే. ఎగిరిపడేవాడి తోక కత్తిరిస్తామని మనమూ అంటాం.

రెండోసారి పరీక్షలో గ్రాఫ్‌కి ఫెల్, డిక్లైన్డ్‌తోనే సరిపెట్టాను. ఎస్సేలో ఒకే ఒక్క చోట, ప్రభుత్వం సొంత కార్ల వాడకాన్ని కర్టెయిల్ చేయాలని రాశాను. 6.5 వచ్చింది.