సౌదీ నుంచి వచ్చిన టూ-ఇన్-వన్‌ను మళ్లీ పాడించడం: నా అనుభవం

విజయనగరం గంటస్తంభం వైపు ఒక పాత సామాన్ల కొట్లో ఈ సెట్టు దొరికింది. జపాన్‌లో తయారైన స్టీరియో టూ-ఇన్-వన్, అంటే రేడియో, క్యాసెట్ రెండూ ఉన్న పెట్టె. నాలుగు స్పీకర్లు, వెనక ఎనిమిది పెద్ద బ్యాటరీలు పట్టే గది. గల్ఫ్ వెళ్లినవాళ్లు, ఓడల మీద పనిచేసినవాళ్లు తెచ్చిన ఇలాంటి సెట్లు ఉత్తరాంధ్ర ఇళ్లలో ఇప్పటికీ అటకల మీద ఉన్నాయి. పద్దెనిమిది వందలకి తీసుకున్నాను. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వచ్చు, అంతకుమించి అనుభవం లేదు. కోట దగ్గర పాత రేడియో మెకానిక్ ఒకాయన, శ్రీకాకుళంలో ఇవే సెట్లు బాగుచేసుకునే ఇద్దరు మిత్రులు దారి చూపించారు.

మెకానిక్ గారికి ఫోన్ చేస్తే మొదట అడిగింది ఒకటే. "కరెంటు పెట్టీసినావేటి బాబూ?" లేదన్నాను. "మంచి పని సేసినావు. ముందు వెనకాల వోల్టేజీ బిళ్ల సూడు."

చూస్తే ఆ సెలెక్టర్ ముల్లు 127 దగ్గర ఉంది. సౌదీలో అప్పట్లో ఇళ్లకు 127 వోల్టులే వచ్చేవి. అలాగే మన 230కి తగిలించి ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది. 240కి తిప్పాను. 220 గీత కూడా ఉంది కానీ మా వీధిలో రాత్రిపూట వోల్టేజీ 240 దాటుతుంది కాబట్టి పైదే మేలు. జపాన్‌లో అమ్మడానికే చేసిన సెట్లయితే సెలెక్టర్ ఉండదు, 100 వోల్టులే. వాటి ఎఫ్‌ఎం కూడా 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ దాకానే ఉంటుంది, మన స్టేషన్లు దాదాపు ఏవీ అందవు. కొనేముందు డయల్ మీద అంకెలు చూడాలి. కరెంటు 50 హెర్ట్జా, 60 హెర్ట్జా అనే తేడా గురించి మాత్రం బెంగ అక్కర్లేదు. క్యాసెట్ తిప్పేది డీసీ మోటారు, దాని వేగం ఆ తేడా మీద ఆధారపడదు.

బ్యాటరీ గదిలో స్ప్రింగులు తెల్లగా, పచ్చగా పట్టేసి ఉన్నాయి. కారింది మామూలు జింక్-కార్బన్ బ్యాటరీ అయితే ఆ మురికి ఆమ్లం, వంటసోడా నీళ్లతో తోమాలి. ఆల్కలైన్ అయితే క్షారం, వెనిగరో నిమ్మరసమో వాడాలి. ఇది తిరగబడితే శుభ్రం కాకపోగా తుప్పు ఇంకా లోపలికి తింటుంది. నాది పాత ఎర్ర బ్యాటరీల తాలూకు, వంటసోడాతో వదిలింది. తర్వాత సన్నటి ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టాను.

మరలు విప్పడంలో ఒక జాగ్రత్త. జపాన్ మరల తల మామూలు స్టార్ లాగే కనిపిస్తుంది కానీ గాడి కోణం వేరు. మన స్టార్ స్క్రూడ్రైవర్ జారి తల కొట్టేస్తుంది. జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం స్క్రూడ్రైవర్ ఒకటి తెప్పించుకున్నాను, ఒక్క మర కూడా పాడవలేదు. ఒక మర బ్యాటరీ గదిలో దాక్కుని ఉంటుంది, అది తీయకుండా లాగితే పెట్టె అంచు చీలుతుంది. ప్రతి వైరుకీ ఫోటో తీశాను.

ఇక కరెంటు. నేరుగా కాదు, సెట్టుకి వెళ్లే కరెంటు బల్బు గుండానే వెళ్లే సీరీస్ బోర్డులో 60 వాట్ల పాతకాలపు తీగ బల్బు పెట్టి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే లోపల షార్టు లేదని అర్థం. వెలుగుతూనే ఉంటే వెంటనే తీసేయాలి. నాది మసకబారింది. రేడియో రెండు వైపులా పలికింది, కింద సన్నగా గుమ్మ్ అనే శబ్దం. వాల్యూమ్ తిప్పితే గరగర. క్యాసెట్ మీట నొక్కితే మోటారు చప్పుడే తప్ప రీలు కదల్లేదు.

రీలు కదలకపోవడానికి కారణం డెక్ (క్యాసెట్ తిప్పే భాగం) బయటికి తీశాక కనిపించింది. బెల్టు ఉండాల్సిన చోట నల్లటి తారు. పాత రబ్బరు అలా కరిగిపోయి పుల్లీకి, ఫ్లైవీల్‌కి, పక్కనున్న పళ్ల చక్రానికి కూడా అంటుకుంటుంది. చేతికంటితే రెండు రోజులు వదలదు, గ్లోవ్స్ తప్పనిసరి. మొదట అగ్గిపుల్లతో గీకి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లలతో తుడవాలి. నలభై దాకా పట్టాయి. పెట్రోలు, థిన్నర్ వాడొద్దని ముగ్గురూ గట్టిగా చెప్పారు, ప్లాస్టిక్ పళ్ల చక్రాలు తెల్లబడి విరిగిపోతాయట. పుల్లీ గాడిలో ఆవగింజంత తారు మిగిలినా కొత్త బెల్టు అక్కడ ఎగిరి పాట వణుకుతుంది.

బెల్టు కొలత కోసం పాతది లేనప్పుడు దారం వాడాలి. దారాన్ని బెల్టు నడిచే దారిలోనే పుల్లీల చుట్టూ బిగించి కొలిస్తే 248 మిల్లీమీటర్లు వచ్చింది. సాగుబాటు కోసం 5 శాతం తీసేస్తే 236. దాన్ని 3.14తో భాగిస్తే 75 మిల్లీమీటర్ల వ్యాసం. ఫ్లైవీల్‌కి బల్లపరుపు బెల్టు, 4 మిల్లీమీటర్ల వెడల్పు. రీలుకి వెళ్లేది చదరపుది, 1.2 మిల్లీమీటర్లు. బిగువుగా ఉంటే గట్టిగా తిప్పుతుందనుకుని నేను ముందు 70ది వేశాను. అది తప్పు. మోటారు పక్కకి లాగబడి కీచుమంది, పావుగంటలో వేడెక్కింది, వేగం నిలకడగా లేదు. 75ది వేస్తే చప్పుడే లేదు. మరీ వదులైతే ఇంకో ప్రమాదం: టేపును చుట్టుకునే రీలు వెనకబడి, టేపు దాన్ని ముందుకి లాగే రబ్బరు చక్రానికి, అంటే పించ్ రోలర్‌కి చుట్టుకుపోతుంది. "క్యాసెట్ తినేసింది" అని మనం అనేది ఇదే. అందుకే మొదటి పరీక్ష పోయినా పర్వాలేదనుకున్న క్యాసెట్‌తోనే.

అరుగుదల చోట నూనె విషయం. చాలామంది ఇళ్లలో కొబ్బరినూనె వేసేస్తారు. అది చలికాలం గడ్డకడుతుంది, తర్వాత జిగురవుతుంది. టేపును నడిపే క్యాప్‌స్టాన్ ఇరుసుకి పాత జిడ్డు తుడిచి కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క, అదీ సూది మొనతో. రెండో చుక్క బెల్టు మీదకి పాకుతుంది. పించ్ రోలర్‌ని ఆల్కహాల్‌తో కాకుండా సబ్బునీళ్లతో తుడిచాను. రబ్బరు నల్లగా, కాస్త గరుకుగా ఉండాలి. అద్దంలా మెరుస్తుంటే మార్చాల్సిందే. టేపు మీది పాటని చదివే హెడ్‌ని ఆల్కహాల్‌తో తుడిస్తే దూది గోధుమరంగు తిరిగింది. అది టేపు మీంచి రాలిన ఆక్సైడ్.

రీళ్లు తిరిగాయి. కానీ క్యాసెట్‌లో ఎడమ వైపు మాట లేదు. నేను వెంటనే శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్ ఐసీ (చిప్పు) పోయిందనుకుని కొత్తది తెప్పించడానికి సిద్ధపడ్డాను. శ్రీకాకుళం మిత్రుడు ఆపాడు. "రేడియోలో ఎడమ పలికింది కదా గురూ, అయితే ఐసీ, స్పీకరు బాగున్నట్టే. తేడా హెడ్‌కీ వాల్యూమ్‌కీ మధ్యలో ఉంది. రికార్డు స్విచ్చి చూడు." ఈ ఒక్క మాట నాకు చాలా నేర్పింది.

రికార్డు-ప్లే స్విచ్చి అంటే సర్క్యూట్ బోర్డు మీద అడ్డంగా ఉండే పొడవాటి కడ్డీ లాంటిది. లోపల రెండు వరసల్లో చిన్న చిన్న వెండిపూత పలకలు. రికార్డు మీట నొక్కితే కడ్డీ జరిగి హెడ్‌ని ఒక దారి నుంచి ఇంకో దారికి మారుస్తుంది. ఏళ్ల తరబడి కదలక వెండి నల్లబడితే హెడ్ నుంచి వచ్చే అతి సన్నటి సిగ్నల్ అక్కడే ఆగిపోతుంది. మన సముద్రపు గాలికి ఇది ఇంకా త్వరగా వస్తుంది. ప్లగ్ తీసి, స్విచ్చి రెండు చివర్లలో కాంటాక్ట్ క్లీనర్ సన్నటి గొట్టంతో కొట్టి, కడ్డీని చేత్తో ముప్పైసార్లు ముందుకీ వెనక్కీ ఆడించాను. పది నిమిషాలు ఆరనిచ్చి మళ్లీ అంతే. ఎడమ వైపు వచ్చేసింది. హార్డ్‌వేర్ కొట్లో దొరికే తుప్పు వదిలించే స్ప్రే ఇక్కడ వాడకూడదు, దాని జిడ్డు దుమ్ముని పట్టేస్తుంది. వాల్యూమ్ గరగరకీ ఇదే మందు, నాబ్ చివరి నుంచి చివరికి ఇరవైసార్లు తిప్పాలి.

గుమ్మ్ శబ్దం ఫిల్టర్ కెపాసిటర్‌ది, అంటే లోపలికి వచ్చే కరెంటుని నునుపు చేసేదానిది. వాల్యూమ్ సున్నాలో పెట్టినా తగ్గకపోతే అనుమానం దాని మీదే. పాతది 2200 మైక్రోఫారడ్, 16 వోల్టులు. సామర్థ్యం అంతే ఉంచి, 25 వోల్టుల, 105 డిగ్రీల వేడి తట్టుకునే రకం వేశాను. గీత ఉన్న కాలు నెగెటివ్. తిరగేస్తే పేలుతుంది. విప్పేముందు ప్లగ్ తీసి పాతదాన్ని డిశ్చార్జ్ చేయాలి, అంటే అందులో మిగిలిన కరెంటు తీసేయాలి. కెపాసిటర్లన్నీ మార్చేయాలని కొందరంటారు. నేను ఒప్పుకోను. ముప్పై చోట్ల సోల్డర్ చేస్తే కొత్తగా చేసే తప్పులు పాత లోపాల కంటే ఎక్కువవుతాయి, పాత బోర్డుల రాగి పట్టీ వేడికి ఊరికే లేచిపోతుంది. ఉబ్బింది, కారింది, లక్షణం చూపించేది మార్చితే చాలు.

తర్వాత వేగం. క్యాసెట్ సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి. 3150 హెర్ట్జ్ మోత ఉన్న టెస్ట్ క్యాసెట్ మిత్రుడి దగ్గర తీసుకుని, ఫోన్‌లో ఫ్రీక్వెన్సీ చూపించే యాప్ పెడితే 3040 చూపించింది. మూడున్నర శాతం నెమ్మది. మోటారు వెనక చిన్న రంధ్రంలో ఉన్న వేగం సరిచేసే ట్రిమ్మర్‌ని ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పాను, 3150 దగ్గర నిలిచింది. అదే సెట్టులో రికార్డు చేసిన క్యాసెట్‌తో ఈ పరీక్ష పనికిరాదు, తన తప్పు తనకే సరిగ్గా వినిపిస్తుంది. వణుకు ఉందో లేదో తెలుసుకోవడానికి తంబురా శ్రుతి క్యాసెట్‌ని మించింది లేదు. వేగం 6 శాతం తప్పితే పాట ఒక స్వరస్థానం మారిపోతుంది.

హెడ్ వంపు సరిచేయడం వయొలిన్ క్యాసెట్‌తో చేశాను. మోనో స్విచ్చి నొక్కి, హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న మరని పావు చుట్టుకి మించకుండా అటూ ఇటూ తిప్పుతుంటే ఒకచోట కమాను గీత పదునుగా తేరుకుంటుంది. అక్కడ ఆపి మర తలకి ఒక చుక్క నెయిల్ పాలిష్. స్ప్రింగు లేని మర ముట్టుకోకూడదు.

రేడియోకి పెద్ద పని పడలేదు. డయల్ దారం జారుతుంటే రెండు చుట్లు అదనంగా వేశాను. విశాఖ ఆకాశవాణి 927 కిలోహెర్ట్జ్ అంకె మీద ముల్లు సరిపోయింది. మీడియం వేవ్‌లో గరగర ఎక్కువైతే సెట్టుని తప్పు పట్టకండి, ముందు పక్కనున్న ఫోన్ చార్జరు, ఎల్‌ఈడీ బల్బు ఆపి చూడండి.

పాత క్యాసెట్లు వేసేముందు క్యాసెట్ మీదుండే చిన్న కిటికీలోంచి టేపు చుట్టని చూడాలి. తెల్లటి పొడిలా కనిపిస్తే అది బూజు. కళింగపట్నం వైపు నుంచి వచ్చిన ఒక పెట్టెలో సగం అలాగే ఉన్నాయి. వేస్తే ఆ బూజు హెడ్‌కి, రోలర్‌కి, అక్కణ్ణుంచి తర్వాతి క్యాసెట్‌కి పాకుతుంది. వాటిని విడిగా కవర్లో కట్టి పక్కన పెట్టాను.

ఇప్పటికి మిగిలింది క్యాసెట్ తలుపు. మీట నొక్కితే నెమ్మదిగా తెరుచుకోవాల్సింది టప్పున కొట్టుకుంటోంది. లోపలి చిన్న పళ్ల చక్రంలో చిక్కటి డ్యాంపర్ గ్రీజు ఆరిపోయింది. మామూలు గ్రీజుతో ఆ బరువు రాదు. సరైనది దొరికేదాకా వేలు అడ్డం పెట్టి తెరుస్తున్నాను.