యార్క్‌టౌన్ గెలుపు సముద్రంలోనే తేలిపోయింది

మైపాడు బీచ్‌లో అలలు చూస్తుంటే అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలోని చీసాపీక్ పోరే బుర్రలో తిరిగింది. అమెరికా తీరంలో, చీసాపీక్ అఖాతం దగ్గర జరిగిన ఓడల పోరు అది. 1781 సెప్టెంబరు 5. అమెరికా పక్షాన ఉన్న ఫ్రెంచివాళ్లవి 24 యుద్ధనౌకలు, ఇంగ్లీషువాళ్లవి 19. తేడా అయిదే, కానీ ఇంగ్లీషువాళ్లని అసలు ముంచింది ఆదేశాలిచ్చే జెండాలు! ఇంగ్లీషు నౌకాదళాధిపతి గ్రేవ్స్ ఓడ మీద ‘దగ్గరికెళ్లి కొట్టండి’ జెండాతో పాటు ‘వరస తప్పొద్దు’ జెండా కూడా ఎగురుతూనే ఉంది. దాంతో వరస వెనక భాగాన్ని నడిపిస్తున్న హుడ్ ఓడలు వరస పట్టుకునే ఉండిపోయాయి, ఫిరంగులకి పెద్దగా పనే పడలేదు. అంతే, ఫ్రెంచివాళ్లదే పైచేయి అయ్యి, ఆ అఖాతం పక్కనే యార్క్‌టౌన్‌లో ఉన్న ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్‌కి సముద్రం దారి మూసుకుపోయింది. కందకాలు తవ్వుకుంటూ దగ్గరికొచ్చేసిన అమెరికా సేనాని వాషింగ్టన్‌కి అక్టోబరు 19న లొంగిపోయాడు. (తర్వాత మనకి గవర్నర్ జనరల్‌గా దిగింది ఈ కార్న్‌వాలిసే!)

ఆ యుద్ధంలో చివరి ఓడల పోరు జరిగింది మాత్రం మన నెల్లూరు తీరానికి దక్షిణాన, కడలూరు దగ్గర, 1783 జూన్ 20న. జనవరిలోనే యూరప్‌లో ఇంగ్లీషువాళ్లకీ ఫ్రెంచివాళ్లకీ ప్రాథమిక సంధి ఒప్పందం కుదిరింది. కబురు ఇంకా ఇటు చేరలేదు.